లక్ష రూపాయల మాక్రో లెన్స్ కొనాలా?

గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు గత నెల ఫోన్ చేశాడు. వాళ్ల విభాగానికి పరికరాల కోసం లక్ష రూపాయలు వచ్చాయట. 24 మెగాపిక్సెళ్ల డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి అక్కడ ముందునుంచే ఉంది. "పేరున్న కంపెనీ మాక్రో లెన్స్ తీసుకుందామనుకుంటున్నా. డబ్బంతా దానికే సరిపోతుంది. నువ్వు ఫిజిక్స్ చదివినవాడివి కదరా, కొనమంటావా, వద్దంటావా?" అని అడిగాడు.

వాడికి కావలసింది అందమైన సీతాకోకచిలుక ఫొటో కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మిరప తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు మనందరికీ గుర్తుంది. అలాంటి పురుగులను విద్యార్థులు పొలంలోనే ఫొటో తీసి, పోల్చి, గుర్తుపట్టాలని వాడి ఆశ. అందుకే ఈ ప్రశ్నను కెమెరా సరదాగా కాక, భౌతికశాస్త్రం లెక్కగా చూశాను.

మాక్రో లెన్స్ అంటే సాధారణంగా 1:1 నిష్పత్తి ఇచ్చేది. అంటే 5 మిల్లీమీటర్ల చీమ సెన్సర్ మీద కూడా 5 మిల్లీమీటర్ల పొడవే పడుతుంది. ఇక్కడే మొదటి చిక్కు. ఇంత దగ్గరికి వెళ్లినప్పుడు ఫోకస్‌లో ఉండే మందం బాగా తగ్గిపోతుంది. ఎఫ్/2.8 దగ్గర అది మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. చీమ కన్ను స్పష్టంగా ఉంటే మీసాలు మసకబారతాయి. అందుకని అపెర్చర్‌ను ఎఫ్/11 దాకా మూస్తాం. అప్పుడు కాస్త మిల్లీమీటరు పైన మందం దొరుకుతుంది.

రెండో చిక్కు వివర్తనం. వెలుతురు సన్నటి రంధ్రం గుండా వచ్చేటప్పుడు విచ్చుకుంటుంది. ఎంత మంచి గాజు పెట్టినా, ఎంత ఖర్చు చేసినా దీన్ని తప్పించుకోలేం. పైగా 1:1 దగ్గర లెన్స్ మీద ఎఫ్/11 అని ఉన్నా, సెన్సర్‌కు అది సుమారు ఎఫ్/22 లాగా పనిచేస్తుంది. ఆకుపచ్చ వెలుతురుకు లెక్క వేస్తే, వస్తువు మీది ఒక్క బిందువు సెన్సర్ మీద దాదాపు 30 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. మిత్రుడి కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4 మైక్రాన్లు. అంటే చుక్క ఒక్కటే ఏడెనిమిది పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. అదే ఎఫ్/2.8 దగ్గరైతే చుక్క వ్యాసం 7 మైక్రాన్లకు కాస్త పైన ఉంటుంది.

ఖరీదైన లెన్స్ తయారీదారు మనకు అమ్మేది ప్రధానంగా ఆ ఎఫ్/2.8 దగ్గరి పదును. పురుగు ఫొటోల కోసం మనం వాడేది ఎఫ్/11. అక్కడికి చేరేసరికి వెలుతురు స్వభావమే హద్దు గీస్తుంది. లక్ష రూపాయల లెన్స్, పాతిక వేల లెన్స్ ఆ హద్దు దగ్గర ఇంచుమించు ఒకే వరుసలో నిలబడతాయి.

లెక్క మీదే ఆధారపడకుండా హైదరాబాద్‌లో ఒక ఖరీదైన 100 మి.మీ. మాక్రో లెన్స్‌ను రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. నా దగ్గరున్న పాత మాన్యువల్ మాక్రో లెన్స్‌తో పోల్చాను. కిటికీ దగ్గర చచ్చి పడిన ఈగను రెండింటితోనూ ఎఫ్/11 దగ్గర తీశాను. ఫ్లాష్ ఒకటే, దాని ముందు అడ్డుపెట్టిన ట్రేసింగ్ పేపర్ ఒకటే. ప్రింట్లు ముగ్గురు సహోద్యోగులకు చూపిస్తే ఏది ఏ లెన్స్‌దో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఇది బల్ల మీద చేసిన చిన్న పరీక్షే. ప్రయోగశాల ఫలితం అనను. కానీ ఫ్లాష్ ముందు నుంచి ఆ కాగితం తీసేసి మళ్లీ తీసిన ఫొటోను ముగ్గురూ వెంటనే పక్కకు పెట్టేశారు. ఈగ వీపు మీద తెల్లటి మెరుపు తప్ప అందులో వివరాలేవీ లేవు. పది రూపాయల కాగితం తెచ్చిన తేడా అది.

అలాగని ఖరీదైన లెన్స్ అంతా మోసమని నేను అనడం లేదు. ఎఫ్/4 దగ్గర తీసినప్పుడు నా పాత లెన్స్ ఈగ రెక్కల అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ చారలు చూపింది. అద్దె లెన్స్‌లో అవి దాదాపు లేవు. ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ పాతిక ముప్పై ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకటిగా కలిపేవారికి ఇది ముఖ్యం. వారు అపెర్చర్ తెరిచే తీస్తారు కాబట్టి మంచి గాజు విలువ చిత్రంలో కనిపిస్తుంది. పెరట్లో తూనీగ వాలినప్పుడు ఆటోఫోకస్ కూడా అక్కరకొచ్చింది. వానకు, దుమ్ముకు తట్టుకునే నిర్మాణం అడవుల్లో తిరిగేవారికి అవసరం. ఫొటోలే జీవనోపాధి అయినవారికి లక్ష రూపాయలు పెట్టుబడి కిందికి వస్తాయి.

చేతి వణుకును సరిదిద్దే సదుపాయం మాత్రం ఆశించినంత ఆదుకోదు. కెనాన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. మాక్రో లెన్స్‌నే తీసుకోండి. దూరపు దృశ్యాలకు నాలుగు స్టాప్‌లని చెప్పిన ఆ కంపెనీయే, 1:1 దగ్గర రెండు స్టాప్‌లే అని చెప్పింది. ఆ పనిని ఫ్లాష్ ఇంకా బాగా చేస్తుంది. తక్కువ శక్తితో వెలిగే ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపే ఉంటుంది. అంతలో చెయ్యీ కదలదు, పురుగూ కదలదు.

మళ్లీ మిరప తోటకు వద్దాం. తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. 1:1 దగ్గర మిత్రుడి కెమెరాలో అది దాదాపు 255 పిక్సెళ్ల పొడవు వస్తుంది. ఎఫ్/11 దగ్గర ఆ పొడవునా మన 30 మైక్రాన్ల చుక్కలు పక్కపక్కన పేరిస్తే 33 పడతాయి. ఆకు మీద తామర పురుగు ఉందని చెప్పడానికి అది చాలు. అది ఏ జాతి తామర పురుగో తేల్చాలంటే పురుగును స్లైడ్ మీద పరిచి, ఒంటి మీది సన్నటి నూగు అమరికను సూక్ష్మదర్శిని కింద చూడాలి. లక్ష పెట్టినా మాక్రో లెన్స్ ఆ పని చేయదు. చేసే పరికరం వాళ్ల ల్యాబ్‌లోనే ఉంది. మరోవైపు గెంతే సాలీడు కళ్ల అమరికను బట్టి దాని కుటుంబం గుర్తించడానికి మామూలు మాక్రో లెన్స్ ధారాళంగా సరిపోతుంది.

మిత్రుడికి ఇదే చెప్పాను. సెకండ్‌హ్యాండ్ వస్తువుకు ఆడిట్ ఒప్పుకోదన్నాడు. సరే, కొత్తదే కొను. లావోవా వంటి కంపెనీల మాన్యువల్ ఫోకస్ మాక్రో లెన్స్‌లలో 2:1 దాకా వెళ్లేవి ఉన్నాయి, ధర చాలా తక్కువ. లేదా మామూలు జూమ్ లెన్స్ ముందు తగిలించే రేనాక్స్ 250 లాంటి క్లిప్ లెన్స్‌లు కొన్ని వేలకే వస్తాయి. దాని నాభ్యంతరం 125 మి.మీ.; 200 మి.మీ. దగ్గర పెట్టిన జూమ్‌కు తగిలిస్తే 1.6 రెట్లు వస్తుంది. మిగిలిన డబ్బుతో ఒక ఫ్లాష్, ఒక ట్రైపాడ్, విద్యార్థులు వాడుకునే స్టీరియో మైక్రోస్కోప్ వస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పాను. నేను చదివిన చోట ఒక విలువైన పరికరం ఉండేది. రెండేళ్లలో దాన్ని రెండుసార్లు చూశాం, రెండుసార్లూ బీరువా అద్దంలోంచే. పాడైతే ఎవరు కట్టాలన్న భయంతో ఎవరూ బయటికి తీయలేదు. ధర పెరిగేకొద్దీ తాళం కూడా పెద్దదవుతుంది. మన కళాశాలల్లో లక్ష రూపాయల లెన్స్ విషయంలో నా అసలు అభ్యంతరం ఇదే. దుమ్ములోకి, బురదలోకి, పందొమ్మిదేళ్ల కుర్రాడి చేతిలోకి వెళ్లగలిగే లెన్స్ కావాలి. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం కాగితంతో ఫోల్డ్‌స్కోప్ చేసింది కూడా ఇలా అందరి చేతికీ అందాలనే.

మీరూ ఇలాంటి లెన్స్ కొనే ఆలోచనలో ఉంటే, ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకోండి. మీరు తీసే పురుగునే, మీరు వాడే అపెర్చర్‌లోనే, మీ దగ్గరున్న లెన్స్‌తో పోల్చి తీయండి. ప్రింట్ మీద తేడా కనిపిస్తే, ఆ తేడా మీ పనికి అవసరమైతే, నిస్సంకోచంగా కొనండి. కనిపించకపోతే ఆ డబ్బు వెలుతురు మీద పెట్టండి.

మిత్రుడు ఇంకా కొటేషన్లు తెప్పిస్తున్నాడు. ఈసారి జాబితాలో మొదటి వస్తువు ఫ్లాష్.