ఓటు వేరైనా బల్ల ఒక్కటే

2025 డిసెంబరు 17తో తెలంగాణలో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు ముగిశాయి. ఎనిమిదో రోజున క్రిస్మస్ వచ్చింది. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. అయినా పార్టీలు ఊరిని, వాడను, చివరికి సంఘాన్ని కూడా రెండుగా చీలుస్తాయి. మాకు తెలిసిన ఒక పల్లె సంఘంలో ఏళ్ల తరబడి పక్కపక్కనే కూర్చున్న రెండు కుటుంబాలు ఆ పండుగనాడు ఎడమొగం పెడమొగంగా కూర్చున్నాయి. ప్రభువు బల్ల దగ్గర రెండు కుటుంబాలూ చేయి చాపాయి. ఆరాధన ముగిశాక మాత్రం ఒకరితో ఒకరు చేయి కలపలేదు.

వారిని తప్పుపట్టే ముందు మా సంగతి చెప్పుకోవాలి. మేము కరీంనగర్‌లో ఉపాధ్యాయులుగా ఉండేవాళ్లం. గోదావరి అవతల లక్షెట్టిపేట వైపు మాకొక స్నేహితుడున్నాడు. చిన్న దుకాణం ఆయన బతుకుదెరువు. 2001 మే 17న కరీంనగర్‌లో జరిగిన సింహగర్జన సభకు రమ్మని పిలిస్తే ఆయన రాలేదు. "రాష్ట్రం మారితే పేదోని బతుకు మారుతదా అన్నా?" అన్నాడు. మాకు కోపం వచ్చింది. కొన్ని నెలలు మాట్లాడలేదు.

2011లో సకల జనుల సమ్మెలో మా జీతం ఆగింది. ఒక ఆదివారం సాయంత్రం ఆయన రాయపట్నం వంతెన దాటి బియ్యం బస్తాతో వచ్చాడు. సమ్మె మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. ప్రార్థన చేసి వెళ్లాడు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు మాకు మొదట ఫోన్ చేసింది ఆయనే. ఆ తర్వాత మా ఆశలు కొన్ని నెరవేరనప్పుడు "నేను ముందే చెప్పలేదా" అని ఒక్కనాడూ దెప్పలేదు. ఆయన అభిప్రాయం మారలేదు, మాదీ మారలేదు. స్నేహం మిగిలింది.

యేసు ప్రభువు ఎన్నుకున్న పన్నెండుమందిని చూడండి. పన్ను వసూలు చేసిన మత్తయి అందులో ఉన్నాడు. జెలోతే అనబడిన సీమోనూ ఉన్నాడు (లూకా 6:15). బయట వీధిలో ఎదురుపడితే ఒకరినొకరు ద్రోహిగా చూసేవారేమో! ప్రభువు వారిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. యోనాతాను రాజు కొడుకు. సింహాసనం తనదే కావలసి ఉన్నా దావీదే రాజవుతాడని ఒప్పుకుని అతని చేతులు బలపరిచాడు (1 సమూయేలు 23:16-17). మనం సర్పంచి కుర్చీ దగ్గరే ఆగిపోతున్నాం.

విశ్వాసికి రాజకీయం వద్దని కాదు. డబ్బుకు, మద్యానికి ఓటు అమ్ముకోకుండా నమ్మినదాని కోసం నిలబడడం సాక్ష్యమే. తప్పు చేసినవాడు మనవాడైనా, దావీదు ముందు నాతాను నిలబడినట్టు నిలబడి చెప్పాలి. అయితే పార్టీలు కూటములు మార్చుకుంటాయి, నాయకులు కండువాలు మార్చుకుంటారు. వారికోసం తెంచుకున్న స్నేహాన్ని వారు తిరిగి ఇవ్వరు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ముక్కలయ్యాయి. హద్దులు మారినా గోదావరి మీది వంతెన అక్కడే ఉంది. ఈ ఆదివారం ఆరాధన ముగియగానే, మనకు ఎదురు ఓటు వేసిన సహోదరుని దగ్గరకు మనమే ముందు నడుద్దాం. గెలిచినవారు ముందు వెళ్తే మరీ మంచిది.