మూసిన పెట్టెల బేరం

2025 ఆగస్టు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో ఆమోదం పొంది, 22న రాష్ట్రపతి సమ్మతితో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం రూపుదాల్చింది. డబ్బు ఒడ్డి, డబ్బు గెలుచుకోవాలన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఈ చట్టం నిషేధించింది. ఆట నైపుణ్యంతో కూడినదా, అదృష్టంపై ఆధారపడినదా అన్న భేదాన్ని అది పాటించలేదు. అటువంటి ఆటలు నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వాటికి ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా తప్పదు. ఈ ఆటల్లో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అంచనా వేసింది.

ఎన్నో కుటుంబాలు అప్పులపాలైన తర్వాత, ఎందరో యువకులు ప్రాణాలు తీసుకున్న తర్వాత వచ్చిన చట్టమిది. ఆలస్యంగానైనా వచ్చినందుకు మేము హర్షిస్తున్నాం. అయితే పెద్దల జూదానికి తాళం వేసిన ఈ చట్టం, పిల్లల ఆటల్లో దాగిన జూదాన్ని చూడకుండా దాటిపోయింది. ప్రతి ఇంటా పదేళ్ల పిల్లవాడి చేతిలో ఉన్న ఫోన్‌లో, 'ఉచితం' అన్న పేరు కింద అదే యంత్రం నేటికీ తిరుగుతూనే ఉంది. దాన్ని గుర్తించడం, దానిపై హక్కుగా ప్రశ్నించడం మన బాధ్యత అని మేము భావిస్తున్నాం.

ఈ చర్చ తెలుగు నేలకు కొత్తది కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు 1968లో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. నిజాం కాలం నాటి, ఫసలీ 1305 సంవత్సరపు హైదరాబాదు జూద చట్టం కింద పెట్టిన కేసు అది. పడిపోయిన ముక్కలను గుర్తుంచుకోవడం, దేన్ని పట్టుకోవాలో దేన్ని వదలాలో నిర్ణయించుకోవడం కావాలి కనుక, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని న్యాయస్థానం తీర్పు చెప్పింది. దశాబ్దాల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ వాక్యాన్నే కవచంగా ధరించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి ఆ కవచాన్ని తొలగించవలసి వచ్చింది.

కానీ ఆ తీర్పులోనే మరో మాట ఉంది. పందెం పెట్టి ఆడే ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం గడిస్తుంటే అది నేరం కావచ్చునని కూడా న్యాయస్థానం హెచ్చరించింది. కంపెనీలు మొదటి మాటను ఊరూరా చాటాయి, రెండో మాటను మరుగున పడేశాయి. నిజానికి ఆట నైపుణ్యమా అదృష్టమా అన్నదాని కంటే, ఆడేవాడి ఆశతో ఎవరు లాభపడుతున్నారన్నదే అసలు ప్రశ్న. పిల్లల ఆటలను కూడా ఈ ప్రశ్నతోనే పరీక్షించాలి.

ఆ ఆటల నిర్మాణం చూద్దాం. ఆట దించుకోవడానికి పైసా అక్కర్లేదు. లోపల మాత్రం ఆటకు సొంత నాణెం ఉంటుంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో అవి 'డైమండ్లు', బీజీఎంఐలో 'యూసీ'. అసలు డబ్బు ఇచ్చి ఈ నాణేలు కొనాలి, నాణేలతో మూసిన పెట్టెలు కొనాలి లేదా చక్రం తిప్పాలి. లోపల ఏముందో తెరిస్తే గానీ తెలియదు. మెరిసే దుస్తులు, తుపాకీకి కొత్త రంగులు, అంటే పిల్లలు 'స్కిన్లు' అని పిలిచేవి, బహు అరుదుగా వస్తాయి. ఎక్కువసార్లు ఎందుకూ కొరగాని సామాను వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో వీటిని లూట్ బాక్సులంటారు, జపానులో గచా అంటారు. ఒకప్పుడు మన వీధి దుకాణాల్లో అట్టకు అంటించిన చీటీలు చింపి, లోపలి అంకెకు తగిన బొమ్మ తీసుకునే ఆట ఉండేది. ఇది దాని వారసురాలే. అయితే ఆ అట్ట మీద చీటీలు ఎప్పుడో ఒకప్పుడు అయిపోయేవి. ఈ అట్టకు అంతం లేదు.

ఈ పెట్టెల వెనుక ఉన్నది యాదృచ్ఛికత కాదు, లెక్క. అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ తన ప్రయోగాల్లో ఒక సత్యాన్ని చూపాడు. బిళ్లను పొడిచిన ప్రతిసారీ గింజ రాలితే పావురం ఆకలి తీరాక ఆగుతుంది. ఎప్పుడు రాలుతుందో తెలియకుండా అప్పుడప్పుడు రాలితే మాత్రం విడువకుండా పొడుస్తూనే ఉంటుంది. జూద యంత్రాలు నడిచేది ఈ సూత్రం మీదనే, పిల్లల పెట్టెలు నడిచేదీ దీని మీదనే. చక్రం కోరుకున్న బహుమతి దగ్గరకు వచ్చి, మెల్లగా జారి పక్క గడిలో ఆగుతుంది. 'కొద్దిలో తప్పింది' అని పిల్లవాడు అనుకుంటాడు. నాణేలు పెట్టె ధరకు సరిపడేలా దొరకవు. ఎప్పుడూ కొన్ని మిగులుతాయి, మిగిలినవి వాడుకోవాలంటే ఇంకొన్ని కొనాలి. అవకాశం ఈ రాత్రికే ముగుస్తుందని తెర మీద గడియారం తరుముతుంటుంది. స్కిన్ లేని పిల్లవాణ్ణి తోటివారు 'నూబ్' అని ఎగతాళి చేస్తారు. ఇన్ని వైపుల నుంచి వచ్చే ఒత్తిడిని పదేళ్ల బుద్ధి తట్టుకోవాలని ఆశించడం న్యాయమేనా?

మైసిర్‌ను, అంటే జూదాన్ని, ఖురాన్ నిషేధించిందన్న సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇక్కడ అంతకంటే దగ్గరగా వర్తించే సూత్రం మరొకటి ఉంది. రాయి విసిరి కుదుర్చుకునే బేరాన్ని, 'గరర్'తో, అంటే అనిశ్చితితో కూడిన అమ్మకాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతుంది. విసిరిన రాయి ఏ వస్త్రం మీద పడితే అది అమ్ముడైనట్లేనన్న బేరం అది. నీటిలోని చేపను, గాలిలోని పక్షిని అమ్మడాన్ని ఫుఖహాలు ఇదే కోవలో చేర్చారు. కొనేవాడికి తానేమి కొంటున్నాడో తెలియాలన్నదే ఇందులోని నీతి. ఇది ఒక్క మతానికి చెందిన నీతి కాదు. మన దేశ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా వస్తువు నాణ్యత, పరిమాణం, ధర తెలుసుకోవడాన్ని కొనుగోలుదారు హక్కుగా గుర్తించింది. మూసిన పెట్టె ఈ రెండు ప్రమాణాల ముందూ నిలవదు.

ఇతర దేశాలు ఈ సంగతిని మనకంటే ముందే గ్రహించాయి. జపాను వినియోగదారుల సంస్థ 2012లోనే, కొన్ని వస్తువులన్నీ పోగుచేస్తే పెద్ద బహుమతి ఇచ్చే 'కంప్లీట్ గచా' పద్ధతిని చట్టవిరుద్ధమని తేల్చింది. ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో బహిరంగంగా ప్రకటించాలన్న చైనా ఆదేశం 2017లో అమలులోకి వచ్చింది. బెల్జియం జూద నియంత్రణ సంఘం 2018 ఏప్రిల్‌లో కొన్ని ప్రసిద్ధ ఆటల్లోని పెట్టెలు జూదమేనని ప్రకటించింది. అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆట నిర్మాత ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. పిల్లల వ్యక్తిగత సమాచారం సేకరించడం, మోసపూరిత మీటల అమరికతో అనుకోని కొనుగోళ్లు చేయించడం దానిపై వచ్చిన ఆరోపణలు. 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ సంస్థ 2 కోట్ల డాలర్లు చెల్లించి, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా 16 ఏళ్లలోపు వారికి ఈ పెట్టెలు అమ్మబోనని అంగీకరించింది. ఇవన్నీ బలమైన కంపెనీలే. గట్టిగా అడిగిన చోట దిగివచ్చాయి.

మన దేశంలో గట్టిగా అడగడానికి ఆధారాలు లేకపోలేదు, అవి చెల్లాచెదురుగా ఉన్నాయి. 2025 చట్టం దృష్టి అంతా డబ్బు తిరిగి గెలుచుకునే ఆశ మీదనే ఉంది. స్కిన్‌ను నగదుగా మార్చుకునే వీలు ఆటలో లేకపోతే, అది వినోదపు ఆటగానే చలామణీ అవుతుంది. మూసిన పెట్టెల ప్రస్తావనే ఆ చట్టంలో లేదు. డబ్బు వెనక్కి వచ్చే అవకాశం కూడా లేని బేరం, వచ్చే అవకాశమున్న బేరం కంటే నిర్దోషమైనదన్న ఈ తర్కం మాకు వింతగా తోస్తున్నది. కొనుగోలుదారును మభ్యపెట్టే 13 రకాల 'డార్క్ ప్యాటర్న్' పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే గుర్తించి నిషేధించింది. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అని, వారి ప్రవర్తనను వెంటాడి ప్రకటనలు గురిపెట్టరాదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతున్నది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినా, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. పిల్లల బాల్యం గడువుల కోసం ఆగదు కదా!

'ఇది తల్లిదండ్రులు చూసుకోవలసిన సంగతి' అనేవారున్నారు. ఆ మాటలో కొంత నిజముంది, కానీ కంపెనీకి అనుకూలమైనంత మేరకే ఆ నిజాన్ని వాడుకుంటారు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి కుట్టు మిషను ముందు, ఇంటికి ఒకటే ఫోను. కరోనా కాలంలో చదువు కోసమే పిల్లల చేతికి ఆ ఫోను ఇవ్వవలసి వచ్చింది. చదువుకోని తల్లికి తెర మీద ఆంగ్లంలో వచ్చే షరతులు ఏమి చెబుతాయి? వందలాది నిపుణులు కూర్చుని అల్లిన వలను ఒంటరిగా విప్పమని ఆమెను నిందించడం సులభం. వల వేసినవాణ్ణి నిలదీయడం మన పని.

'ఆటలన్నీ మాన్పించాలి' అనే పెద్దలతోనూ మేము ఏకీభవించలేం. ఆడుకోవడం బిడ్డ హక్కు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం దాన్ని గుర్తించింది, 1992లో భారతదేశం ఆ ఒడంబడికను అంగీకరించింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు. 2025 చట్టం కూడా వాటిని క్రీడగా గుర్తించింది. మన పిల్లల్లోనూ అటువంటి ప్రతిభావంతులుంటారు. మేము వ్యతిరేకించేది ఆటను కాదు, ఆటలో దాచిన బేరాన్ని.

ఇదే సందర్భంలో పౌర హక్కుల దృష్ట్యా ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ చట్టం ఆడేవారిని శిక్షించదు, నిర్వాహకులను, ప్రచారకులను మాత్రమే శిక్షిస్తుంది. ఈ సంగతి ప్రతి మొహల్లాకూ తెలియాలి. లేకుంటే డబ్బు పోగొట్టుకున్న యువకుడు నేరస్తుణ్ణేమోనన్న భయంతో నోరు విప్పడు. మరోవైపు, భౌతిక స్థలమైనా డిజిటల్ స్థలమైనా వారంటు లేకుండా సోదా చేసే అధికారం ఈ చట్టం అధికారులకు ఇచ్చింది. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు యువకులను ఆపి, వారి ఫోన్లలోని సంభాషణల్లో గంజాయి ప్రస్తావన కోసం వెతికిన దృశ్యాలు మనం మరువలేదు. జూదాన్ని అరికట్టే పేరుతో పేద బస్తీల పిల్లల ఫోన్లు తనిఖీకి గురికారాదు. సోదా జరగవలసింది కంపెనీల లెక్కల్లో, బాధితుల జేబుల్లో కాదు.

కనుక ప్రభుత్వం ముందు మేము మూడు కోర్కెలు ఉంచుతున్నాం. 18 ఏళ్లలోపు వారికి మూసిన పెట్టెల అమ్మకాన్ని నిషేధించాలి. పెద్దలకు అమ్మేచోట ప్రతి వస్తువు దక్కే అవకాశాన్ని, దాని ధరను రూపాయల్లో, తెలుగు, ఉర్దూ సహా భారతీయ భాషల్లో చూపాలి. పిల్లలు తెలియక చేసిన కొనుగోళ్ల సొమ్ము తిరిగి ఇచ్చే సులభమైన విధానం ఉండాలి.

ఇంట్లో మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఫోన్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే అమరిక పెట్టుకోవచ్చు. పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో, చిన్న మొత్తాలకు పిన్ అడగని యూపీఐ లైట్ వంటి సౌకర్యాన్ని తీసివేయవచ్చు. మోసపోతే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి, వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయాలి. వ్యసనం మనసును కుంగదీస్తుంటే టెలీ మానస్ 14416 ఉచితంగా సలహా ఇస్తుంది. జుమా ప్రసంగంలో, మద్రసా తరగతిలో, మహిళా సంఘం సమావేశంలో ఈ సంఖ్యలను చదివి వినిపించడానికి రెండు నిమిషాలు చాలు.

అన్నిటికంటే ముఖ్యం, డబ్బు పోయిందని తెలిసిన రోజున పిల్లవాణ్ణి కొట్టకుండా దగ్గర కూర్చోబెట్టుకోవడం. ఆట ఎలా నడుస్తుందో, పెట్టె ఎవరిదో, లాభం ఎవరికి పోతుందో వాడితోనే లెక్క వేయించాలి. ఆ లెక్క ఒకసారి అర్థమైన బిడ్డ ఆ పెట్టె జోలికి అంత సులువుగా పోడు, పోబోయే తోటివాణ్ణి కూడా ఆపుతాడు.