మారిషస్‌లో మళ్ళీ పట్టాలు: పట్టణాలకు చేరిన బండి పల్లెలకు చేరేదెలా?

మారిషస్ దీవిలో ప్రయాణికుల రైలు 1956లో ఆగిపోయింది. సరకు బండ్లు మరికొన్నేళ్ళు నడిచి, 1964 నాటికి అవి కూడా నిలిచిపోయాయి. అప్పటి నుండి సామాన్యుని ప్రయాణానికి బస్సే ఆధారమయింది. 2019 అక్టోబరు 3న మెట్రో ఎక్స్‌ప్రెస్ తొలి భాగానికి ప్రారంభోత్సవం జరిగింది. 2022 అక్టోబరులో ఆ మార్గం క్యూర్‌పీప్ చేరింది. 2023 జనవరిలో ఎబెన్ మీదుగా రెద్వీకి ఒక శాఖ ఏర్పడింది. ఈ మార్గం కట్టాలా వద్దా అన్న వాదానికి కాలం చెల్లింది. కట్టిన మార్గం దీవి అంతటికీ ఉపయోగపడేలా చేయడమెట్లా అన్నదే నేటి ప్రశ్న.

పేరు మెట్రో అయినా ఇది స్వభావం చేత ట్రాము. పై తీగల నుండి విద్యుత్తు తీసుకొని నడుస్తుంది. కొన్ని చోట్ల వంతెనల మీద, కొన్ని చోట్ల రహదారి పక్కన, కాత్ర్ బోర్న్ వంటి పట్టణంలో వీధి మధ్యనే సాగుతుంది. స్పెయిన్ దేశపు కాఫ్ సంస్థ తయారుచేసిన ఈ బండి పొడవు దాదాపు 45 మీటర్లు. ఒక్కొక్క దానిలో సుమారు 300 మంది ప్రయాణించవచ్చు. నిర్మాణ బాధ్యతను భారతదేశానికి చెందిన లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ 2017లో స్వీకరించింది.

ఈ మార్గం ఇక్కడే ఎందుకు పడిందో తెలియాలంటే పాత చరిత్రను తిరగవేయాలి. 1864లో పోర్ట్ లూయీ నుండి ఉత్తరంగా పాంప్లెమూస్, ఫ్లాక్ ప్రాంతాల వైపు తొలి రైలు మార్గం తెరిచారు. మరుసటి ఏడు దీవి నడుమ నుండి మహేబూర్ దాకా రెండవ మార్గం వచ్చింది. తోటల చక్కెరను ఓడరేవుకు చేర్చడం వాటి ముఖ్య ప్రయోజనాలలో ఒకటి. ఇంతలో 1866-68 మధ్య మలేరియా జ్వరం దీవిని పట్టి పీడించింది. రాజధానిలో ఉండ జంకిన కలవారు చల్లని ఎత్తు ప్రదేశాలకు తరలిపోయారు. రైలు ఉన్నది గనుక క్యూర్‌పీప్‌లో కాపురం ఉండి పోర్ట్ లూయీలో ఉద్యోగం చేయడం సాధ్యమయింది. ఆ పట్టాల వెంటనే బో బాసాన్, రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, ఫీనిక్స్, వకోవా ఒకదాని నొకటి తాకేటంతగా పెరిగాయి. రైలు పోయినా పట్టణాలు నిలిచాయి. ఆ పట్టణాల జనం కార్లు కొన్నారు. నేడు పన్నెండున్నర లక్షల జనాభా గల దేశంలో నమోదైన వాహనాలు ఆరు లక్షలకు మించి ఉన్నాయి. ఉదయం పూట రాజధాని దారి కిక్కిరిసిపోవడంలో వింత లేదు. కొత్త ట్రాము చాలా మేరకు ఆ పాత మధ్య మార్గపు జాడలోనే నడుస్తున్నది.

అయితే వెల చెల్లించినవారూ ఉన్నారు. 2017లో పోర్ట్ లూయీలోని లా బ్యూత్ ప్రాంతంలో, మార్గానికి అడ్డు వచ్చిన ఇళ్ళను పడగొట్టారు. పాత రైలు కట్ట మీద చెట్లు పెంచి నడకదారిగా మార్చిన రోజ్ హిల్ ప్రాంతపు ప్రొమెనాడ్ రోలాన్ ఆర్మాన్ మళ్ళీ పట్టాల పాలయింది. పట్టాల కోసం ఒకప్పుడు విడిచిన నేలను మళ్ళీ పట్టాలకే ఇవ్వడం న్యాయమని కొందరు, నీడ పోయిందని కొందరు అన్నారు. రెండు మాటలూ నిజమే.

ఇక ధనం సంగతి. తొలి ఒప్పందం విలువ 1,880 కోట్ల మారిషస్ రూపాయలు. అందులో సుమారు సగానికి సరిపడే 27.5 కోట్ల డాలర్లను భారత ప్రభుత్వం ఉచిత సాయంగా ఇచ్చింది. 2022లో మెట్రోతో పాటు ఇతర నిర్మాణాలకని మరో 19 కోట్ల డాలర్ల రుణానికి అంగీకారం కుదిరింది. సాయం తిరిగి ఇవ్వనక్కరలేదు, రుణం మాత్రం తీర్చవలసిందే. పైగా 2005 నుండి విద్యార్థులకు, వృద్ధులకు బస్సు ప్రయాణం ఉచితం. ఆ సదుపాయాన్ని ట్రాములోనూ కల్పించారు. అది మంచి నిర్ణయమే. కాని దాని ఖర్చు టికెట్ల సొమ్ముతో తీరదు, ఖజానా నుండి రావాలి.

రాజకీయంగా ఈ ట్రాము కథ విచిత్రమైనది. నవీన్ రామ్‌గులామ్ ప్రభుత్వం సింగపూర్ సహకారంతో మొదట దీనిని తలపెట్టింది. 2014 ఎన్నికలలో ప్రత్యర్థులు దీనిని వ్యతిరేకించి గెలిచారు, పథకాన్ని పక్కన పెట్టారు. తరువాత వారే పేరు మార్చి కట్టించారు. 2024 నవంబరు ఎన్నికలలో రామ్‌గులామ్ కూటమి తిరిగి అధికారానికి వచ్చింది. తలపెట్టినవారు ఒకరు, కట్టినవారు మరొకరు. కనుక ఇది మాది కాదని ఏ పక్షమూ తప్పుకోలేదు.

మన పాఠకులకు ముఖ్యమైన విషయం ఇక్కడ ఉన్నది. పాత రైలు చెరకు పల్లెలకు వెళ్ళేది. తూర్పున ఫ్లాక్, దక్షిణాన సుయాక్, ఆగ్నేయాన మహేబూర్ దాని గమ్యాలు. కోరంగి రేవు పేరుతో పిలువబడిన మన తెలుగు కూలీల సంతతి, ఇతర ఒప్పంద కూలీల సంతతి కాపురమున్న ఎన్నో ఊళ్ళు ఆ దారులలోనివే. కొత్త ట్రాము పట్టణాల వరుసను మాత్రమే కలుపుతుంది. పల్లెవాసి రాజధానికి పోవాలంటే నేటికీ బస్సే ఎక్కాలి.

ఆ బస్సుకు ట్రాము వలన ముప్పు కలుగకూడదు. మారిషస్ బస్సులలో కొన్ని ప్రభుత్వ సంస్థవి, కొన్ని ప్రైవేటు కంపెనీలవి, కొన్ని విడి యజమానులవి. జనం నిండుగా ఉండే పట్టణపు దారిలో వచ్చే ఆదాయం, జనం పలుచగా ఉండే పల్లె దారిలోని లోటును పూడ్చగలదు. ఆ నిండు దారి ప్రయాణికులను ట్రాము తీసుకుంటే బస్సు యజమాని ముందుగా తగ్గించేది పల్లెకు పోయే చివరి బస్సునే. అప్పుడు పట్టణంలో సుఖం పెరిగి, పల్లెలో నిరీక్షణ పెరుగుతుంది.

కాబట్టి పట్టాలను ఇంకా పొడిగించాలన్న ఉత్సాహం కంటే, ఉన్న స్టేషన్లకు పల్లె బస్సులను జోడించడం ముందు జరగవలసిన పని. బస్సుకూ ట్రాముకూ ఒకే టికెట్టు ఉండాలి. ట్రాము వచ్చే వేళకు బస్సు అక్కడ నిలవాలి. పల్లె దారిలో బస్సు నడిపినవానికి ఎక్కిన తలల లెక్కన కాక, నడిపిన కిలోమీటర్ల లెక్కన ప్రభుత్వం చెల్లించాలి. అలా అయితే పలుచని దారిలోనూ సాయంకాలపు బస్సు నడిపించడానికి యజమాని వెనుకాడడు. దీనికయ్యే ఖర్చు కొత్త పట్టాల ఖర్చులో స్వల్ప భాగమే అవుతుంది.

నాటి రైలు మన పెద్దలు నరికిన చెరకుతో తయారైన చక్కెరను రేవుకు మోసింది. నేటి ట్రాముకు కావలసిన విద్యుత్తు అధికంగా బొగ్గు, చమురుల నుండి వస్తున్నా, దేశపు విద్యుత్తులో కొంత భాగం ఇప్పటికీ చెరకు పిప్పి నుండే పుడుతున్నది. చెరకు పండించే ఊరికి ఆ బండిని అందుకునే దారి చూపడం దయ కాదు, బాకీ తీర్చడం.