లివర్ అంటే మందేనా?

పోయిన సంక్రాంతికి మా పెద్దనాయన కొడుకు హైదరాబాద్ నుంచి కల్లూరు వచ్చినాడు. బ్యాగులో ఒక రిపోర్టు ఉంది: ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2. కంపెనీ చేయించిన చెకప్ అది. నాకు చూపించాడు గానీ ఇంట్లో చూపించలేదు. ఉతికే బట్టల కోసం పెద్దమ్మ బ్యాగు దులిపితే బయటపడింది. పెద్దనాయన అడిగింది ఒకటే మాట: "ఏంరా, తాగుతుండావా?"

అన్న మందు ముట్టడు. ఎంత చెప్పినా పెద్దనాయన నమ్మలేదు. మా వైపు లివర్ చెడిందంటే తాగి చెడగొట్టుకున్నాడనే అర్థం. అందుకే రిపోర్టులు బ్యాగుల్లో దాక్కుంటాయి.

ఇది పల్లెటూరి తెలియనితనం అనుకోవద్దు. 2023 దాకా డాక్టర్లు కూడా దీన్ని 'నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్' అనేవాళ్లు. జబ్బు ఎందుకొచ్చిందో చెప్పకుండా, మందు వల్ల కాదని మాత్రం చెప్పే పేరు. ఆ ఏడాది జూన్‌లో అంతర్జాతీయ లివర్ సంఘాలు కలిసి 'మెటబాలిక్ డిస్‌ఫంక్షన్ అసోసియేటెడ్ స్టియాటోటిక్ లివర్ డిసీజ్' అని మార్చాయి. నోరు తిరగదు, నిజమే. కానీ షుగర్, బీపీ, పొట్ట, కొలెస్ట్రాల్‌తో దీనికున్న చుట్టరికం పేరులోనే ఉంది. 'ఫ్యాటీ' అన్న మాట కూడా కించపరిచేలా ఉందని తీసేశారు.

మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు, ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో వచ్చింది. నూటికి 84 మంది లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. 71 మందికి స్థూలకాయం. ఒక్క ఊళ్లో 345 మందిని చూసి దేశమంతా ఇంతే అనలేం. కానీ ఆ ఊరికే కదా మనం బస్సెక్కేది!

నొప్పి ఉండదు, అదే దీంతో చిక్కు. కొవ్వు చేరుతుంది, కొందరిలో వాపు వస్తుంది, మచ్చలు కట్టి లివర్ గట్టిపడుతుంది, చివరికి సిర్రోసిస్. ఆ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ మాత్రం మన సబ్జెక్టే. పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టి 50 హెర్ట్జ్ కంపనం ఒకటి పంపుతారు. ఆ షియర్ వేవ్ వేగాన్ని అల్ట్రాసౌండ్ పట్టుకుంటుంది. లివర్ ఎంత గట్టిగా ఉంటే అల అంత వేగం. దాన్నుంచి యంగ్స్ మాడ్యులస్ లెక్క, రిపోర్టులో కిలోపాస్కల్స్. సెకండియర్‌లో మనం బట్టీ పట్టి వదిలేసిందే.

మందులూ వస్తున్నాయి. మచ్చలు కొంత ముదిరినవాళ్లకు అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కు అనుమతి ఇచ్చారు. రెండూ తిండి, వ్యాయామంతో పాటు వాడాల్సినవే. బరువు నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గితే చాలామందిలో వాపు తగ్గుతుందని పరిశోధనలు చెప్తున్నాయి.

"మరి జిమ్‌కి పోవచ్చు కదా" అంటారు. పోవచ్చు. మా అన్నది అమెరికా షిఫ్టు. రాత్రి ఒంటి గంటకు కుర్చీలోనే బిర్యానీ, తెల్లారి పడక. అందులో జిమ్ ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. తప్పంతా అన్న నాలుకదే అంటే నేను ఒప్పుకోను. ప్లేస్‌మెంట్ నోటీసులో ప్యాకేజీ పెద్దక్షరాల్లో ఉంటుంది, షిఫ్టు సంగతి ఉండదు. కంపెనీవాళ్లు "ఎనీ క్వశ్చన్స్" అన్నప్పుడు మనం అడగాల్సింది అదే అని నా అభిప్రాయం.

పోయిన నెల నేను అడిగాను. వెనక బెంచీలో నవ్వారు. హెచ్ఆర్ మేడమ్ "ప్రాజెక్టును బట్టి ఉంటుంది" అని తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయింది.