మోకాలి నొప్పికి మంచము మందు కాదు

ఏబది యేండ్లు దాటిన ఇల్లాలు పీటమీదినుండి లేచునప్పుడు ఒక చేతిని గోడకును, మఱియొక చేతిని తొడమీదను ఆనించి, ‘అమ్మా’ యని మూలిగి, నిలువబడిన పిమ్మట నాలుగడుగులు కుంటి, అటుపైన మామూలుగా నడచిపోవుట మన యిండ్లలో ఎంత పరిచితమైన దృశ్యమనగా, దానిని వ్యాధిగా నెంచువారు గాని, దానికి చికిత్స కలదని తలచువారు గాని అరుదు. కొంతకాలమునకు ఆ నాలుగడుగులు నలుబదియై, మేడమెట్లు గండమై, ఎక్స్‌రే తీయింపవలసి వచ్చినప్పుడు ‘గుజ్జు అరిగిపోయినది’ అను తీర్పు వెలువడును. ఆనాటినుండి కొడుకు అంగడికి పోనీయడు, కోడలు వంగనీయదు, ఇరుగుపొరుగువారు ‘ఇంక నడవకండి పిన్నిగారూ, ఉన్నది కూడా అరిగిపోతుంది’ అని హితవు చెప్పుదురు. ఇందఱి ప్రేమయు ఏకమై ఆమెను మంచమునకు చేర్చును. నా మనవి యేమనగా, వయసుతో వచ్చు సాధారణమైన మోకాలి నొప్పిని మనము పెంచి పోషించుచున్నది ఈ ప్రేమతోనే.

నొప్పి క్రొత్తది కాదు. చరకుడు సంధిగతవాతమును వర్ణించుచు, వాచిన కీలు తాకి చూచినచో గాలి నింపిన తోలుతిత్తివలె తోచుననియు, చాచునప్పుడును ముడుచునప్పుడును బాధ కలుగుననియు చెప్పియున్నాడు. ఆధునికులు దానికి జతచేసినది లోపలి వ్యవహారము. ఎముకలు ఒరసికొనకుండ వాని కొనలను కప్పియున్న మృదులాస్థికి రక్తనాళములు లేవు. దానికి పోషణ చుట్టునున్న జిగురు ద్రవమునుండియే అందవలెను. అడుగు మోపినప్పుడు భారమునకు అణగియు, అడుగెత్తినప్పుడు సడలియు, ఆ అణగుట సడలుటల నడుమనే అది ద్రవమును పీల్చుచు వదలుచుండును. కావున నడక మాని మోకాలిని కాపాడుచున్నామనుకొనువారు నిజమునకు దాని పోషణకు అడ్డుపడుచున్నారు. పైగా మోకాలికి కాపుగా నుండు తొడ ముందుభాగపు కండరము పనిలేక కొలదివారములలోనే సన్నగిల్లును, అది మోయవలసిన భారము కీలుమీద పడును, నొప్పి హెచ్చును, నొప్పి హెచ్చినకొలది విశ్రాంతియు హెచ్చును.

ఎక్స్‌రే తీర్పును తుదితీర్పుగా గైకొనుటయు ఉచితము కాదు. చిత్రములో కీలుసందు మూసికొనిపోయినట్లున్నను పొలము పని చేసికొనువారును, చిత్రము నిర్దోషముగా నున్నను మెట్టు దిగలేనివారును వైద్యులకు తఱచుగా తారసపడుచుందురు. బోడిగుండుకును మోకాలికిని ముడిపెట్టరాదని మనవారందురు గాని, మోకాలి నొప్పితో ముడిపడనిది శరీరమున తక్కువ: నిద్రలేమి, దిగులు, అన్నిటికంటె మించి బరువు. స్థూలకాయులైన మోకాలి రోగులపై అమెరికాలో జరిపి 2005లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, ఒంటి బరువు ఒక కిలో తగ్గినచో అడుగడుగునను మోకాలిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గును.

ఇక చేయవలసిన పని చూడబోయిన అతిస్వల్పము. కుర్చీలో వెన్ను నిలిపి కూర్చుండి, ఒక కాలిని నిటారుగా చాచి, పాదమును తనవైపునకు వంచి, తొడ బిగిసినదో లేదో అరచేతితో తాకి తెలిసికొని, అయిదారు లెక్కించునంతసేపు నిలిపి మెల్లగా దింపవలెను. తువాలును చుట్టగా చుట్టి మోకాలి క్రింద ఉంచి పఱుపులోనికి అదుమవలెను. కొంత బలము చేకూరిన పిమ్మట చేతులూతగొనకయే కుర్చీలోనుండి లేచి కూర్చుండుట అభ్యసింపవలెను. చేయునప్పుడు కొంచెము నొప్పి కలిగిన భయపడనక్కఱలేదు. మఱునాటి ఉదయమునకు అది నిన్నటికంటె హెచ్చినచో మాత్రము మోతాదు తగ్గింపవలెను. ఫలము కనబడుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. మన తొందర కీ గడువే గిట్టదు. చేతికఱ్ఱ పట్టువారు నొప్పిగల కాలి ప్రక్కను గాక రెండవ చేతితో పట్టవలెనన్న చిన్నమాటను సైతము చెప్పువారు లేరు.

తొందరను తీర్చుటకు సూదులు కలవు, మాత్రలు కలవు. స్టెరాయిడు సూది కొన్ని వారములు సుఖమిచ్చును. మూడేసి నెలలకొకమాఱు రెండేండ్లు పొడిచి చూడగా నొప్పి విషయమున ఉప్పునీటి సూదికంటె మేలు లేకపోగా మృదులాస్థి మఱింత పలుచబడినట్లు 2017లో తేలినది. చీటీ లేకయే దుకాణములో కొని నెలల తరబడి మ్రింగు నొప్పిమాత్రలు కడుపునకును మూత్రపిండములకును చేటు. వానికి ముందు పూతమందు వాడి చూచుట మేలు. కీలులోపల గొట్టము పంపి కడుగు శస్త్రచికిత్స మాట విందురా? హ్యూస్టన్ వైద్యులు 180 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టువారికి చర్మముపై గాట్లు మాత్రము పెట్టి పంపగా, లోపల కడిగించుకొన్నవారు గాని గీకించుకొన్నవారు గాని వారికంటె అధికముగా సుఖపడలేదని 2002లో ప్రకటించిరి. పూర్తిగా పాడైన కీలును మార్చుట వేఱు మాట; అది అనేకులను మంచమునుండి లేపినది. కేంద్రప్రభుత్వము 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి ధరకు కళ్ళెము వేసి, విరివిగా వాడు కోబాల్టు-క్రోమియము రకమునకు పన్ను గాక 54,720 రూపాయలను గరిష్ఠముగా నిర్ణయించుట ప్రశంసనీయమే. కాని మార్పిడి దాకా పోకుండ ఆపగల తొడ కసరత్తును నేర్పు ఫిజియోథెరపిస్టును మండలమునకొక్కని నియమించినను, దానికగు వ్యయము ఆ శస్త్రచికిత్సల వ్యయములో ఏపాటిది?

అన్ని నొప్పులును ఇట్టివి కావు. జ్వరముతో కీలు ఎఱ్ఱబడి కాలిపోవుచున్నను, పడిన పిమ్మట కాలు మోపలేకున్నను, మోకాలు ముడిచినచోటనే బిగిసిపోయినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడు నీటివలన వంకరలైన మోకాళ్ళకు కావలసినది మంచినీరు, కసరత్తు కాదు.

‘మఱి తిరుపతి మెట్లెక్కవచ్చునా?’ అని అడుగనివారుండరు. రామానుజులవారు మోకాళ్ళతో ఎక్కినారని చెప్పుకొను మోకాళ్ళ మిట్ట ఆ దారిలోనే యున్నది గాని, మనకంత సాహసము వలదు. కొన్ని నెలలు తొడలకు బలము కూర్చుకొని, ఇంటిమెట్లు నొప్పి హెచ్చకుండ ఎక్కగలిగి, వైద్యుడు కాదనినచో తప్ప, అలిపిరినుండి మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లను ఆగి ఆగి ఎక్కుటకు అభ్యంతరము లేదు. ఎక్కునప్పుడు బాగున్న కాలు ముందు, దిగునప్పుడు నొప్పిగల కాలు ముందు. అయినను దిగుట మోకాలికి ఎక్కుటకంటె కష్టము గనుక, దర్శనమైన పిమ్మట బస్సులో దిగుడు.