దూరపు కొండలు

దూరపు కొండలు నునుపు అన్న సామెత మన పెద్దల అనుభవం నుండి పుట్టినది. దూరం నుండి చూసినప్పుడు కొండమీది ముళ్ళపొదలు, జారుడురాళ్ళు, నీటి ఎద్దడి కనిపించవు. నీలిరంగు ఛాయ ఒక్కటే కనిపిస్తుంది. విహారయాత్రలను గురించి ఆలోచించే నేటి యువతరానికి ఈ సామెత మరింతగా వర్తిస్తుంది. సెల్‌ఫోను తెరమీద ఒక అందమైన ప్రదేశం కనిపించగానే అక్కడికి పోవాలన్న కోరిక కలుగుతుంది. ఎక్కడ దిగాలి, ఏమి తినాలి, ఎక్కడ నిలబడి ఫోటో తీసుకోవాలి అన్న మూడు ప్రశ్నలతో ప్రణాళిక ముగుస్తుంది. అక్కడికి నీళ్ళు ఎక్కడి నుండి వస్తాయి, ఆ నేల స్వభావమేమిటి, అక్కడి మనుషులు ఎట్లా బతుకుతున్నారు అన్న ప్రశ్నలు చాలామందికి తోచనే తోచవు. విహారయాత్రకు ప్రణాళిక వేయడమంటే మన కోరికలను వరుసగా రాసుకోవడం కాదనీ, ఈ రెండవ రకపు మూడు ప్రశ్నలకు జవాబులు వెదకడమేననీ నా అభిప్రాయం.

ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి ఒక ఊహాప్రయాణం చేద్దాం. కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో చదువుకుంటున్న నలుగురు మిత్రులు ఎప్పటికైనా మధ్యధరా సముద్రంలోని ఒక చిన్న అగ్నిపర్వత ద్వీపాన్ని చూడాలని నిశ్చయించుకున్నారనుకుందాం. వారు ఎంచుకున్న ద్వీపం పేరు స్ట్రాంబోలి. ఇటలీ దేశానికి చెందిన సిసిలీకి ఉత్తరంగా సముద్రంలో ఏయోలియన్ ద్వీపాలు అనే సమూహం ఉంది. 2000 సంవత్సరంలో యునెస్కో ఈ ద్వీపాలను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. వాటిలో ఒకటైన స్ట్రాంబోలి విస్తీర్ణం పదమూడు చదరపు కిలోమీటర్లకు మించదు. నిజానికి ఆ ద్వీపమంతా ఒకే అగ్నిపర్వతం. సముద్రమట్టం నుండి దాని శిఖరం ఎత్తు 924 మీటర్లు. రెండువేల సంవత్సరాలకు పైగా అది చిన్న చిన్న విస్ఫోటనాలతో నిప్పురవ్వలు చిమ్ముతూనే ఉంది. రాత్రివేళ ఆ వెలుగును చూసి నావికులు దిక్కు తెలుసుకొనేవారు కనుక దానికి మధ్యధరా దీపస్తంభమన్న పేరు వచ్చింది.

మొదట మన మిత్రులు కాగితాల పని ముగించుకోవాలి. పాస్‌పోర్టు ఉండాలి. ఇటలీకి పోవడానికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సాధారణంగా కనీసం పదిహేను రోజుల ముందైనా చేసుకోవాలి. కనీసం 30,000 యూరోల విలువగల వైద్యబీమా చూపించాలి. నేపుల్స్ నుండి గాని, సిసిలీలోని మిలాజ్జో రేవు నుండి గాని నౌక ఎక్కి ద్వీపం చేరాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున నౌకలు ఆగిపోతాయి. కనుక తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల వ్యవధి అట్టిపెట్టుకోవాలి. ఇదంతా డబ్బుతో, ఓపికతో పూర్తయ్యే పని. అసలు ప్రణాళిక దీని తరువాతనే మొదలవుతుంది.

మొదటి ప్రశ్న నీటిది. చుట్టూ సముద్రమున్నా ఆ ద్వీపంలో తాగునీటికి కరువే. ఏరు లేదు, చెరువు లేదు. అక్కడి పాత ఇళ్ళకు చదునైన పైకప్పులు, తెల్లని గోడలు ఉంటాయి. చూసేవారికి అది అలంకారంగా తోస్తుంది. కాని పైకప్పు మీద పడిన వానచినుకును నేలలోని తొట్టికి చేర్చి దాచుకోవడానికి ఏర్పడిన పద్ధతి అది. నేడు నౌకలలో నీటిని తెచ్చి ఆ కొరత తీర్చుతున్నారు. వానలు అతి తక్కువగా ఉండే జులై, ఆగస్టు నెలలలోనే యాత్రికులు ఎక్కువగా వస్తారు. అతిథి ఒక్కడు స్నానాల గదిలో నిర్లక్ష్యంగా వదిలిన నీరు నౌకలో వచ్చిన నీరని తెలిసినప్పుడు అతని చేయి కొళాయి మీద కొంత జాగ్రత్తగా కదులుతుంది. కనుక ఏ నెలలో పోవాలన్నది సెలవులను బట్టి మాత్రమే కాక, ఆ ఊరి తొట్టిని బట్టి కూడా నిర్ణయించుకోవలసిన విషయం.

ఈ సంగతి కామారెడ్డి ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో బోర్లు ఎండిపోవడం, బిందెలు వరుస కట్టడం మన పల్లెలు చూసినవే. 1917లో మొదలై 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట, 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట మన పూర్వులు నీటికోసం ఎంత శ్రమించారో చెప్పే సాక్ష్యాలు. నీటి విలువ తెలిసిన ఊరినుండి బయలుదేరినవాడు మరొక ఊరి నీటిని వృథా చేయకూడదు.

రెండవ ప్రశ్న నేలది. స్ట్రాంబోలిలో కొండ ఎక్కడమే యాత్రికుల ముఖ్య ఆకర్షణ. ఒకప్పుడు మార్గదర్శకుని వెంట శిఖరం దాకా పోనిచ్చేవారు. 2019 జులై 3న ఆ పర్వతం అకస్మాత్తుగా పెద్ద ఎత్తున పేలి ఒక పర్వతారోహకుడు మరణించాడు. అదే సంవత్సరం ఆగస్టు 28న మరొకసారి పేలింది. ఆ తరువాత యాత్రికుల హద్దు శిఖరం నుండి చాలా కిందికి దిగింది. పర్వతం తీరును బట్టి అధికారులు ఆ హద్దును మార్చుతుంటారు. 2002 డిసెంబరు 30న కొండచరియ ఒకటి సముద్రంలోకి జారగా లేచిన అలలు తీరంలోని ఇళ్ళను తాకాయి. చలికాలం కావడంతో ద్వీపంలో జనం తక్కువగా ఉన్నారు. అదే వేసవి అయితే ఏమయ్యేదో ఊహించడానికే భయం కలుగుతుంది. కాబట్టి ఆ నాటికి అధికారులు ఎంతవరకు పోనిస్తున్నారో అడిగి తెలుసుకోవడం, హద్దు దగ్గర ఆగిపోవడం ప్రణాళికలో భాగాలే. ఇంత దూరం వచ్చి శిఖరం చూడకుండా ఎట్లా పోతామన్న పట్టుదలను ఇంటివద్దనే వదిలి బయలుదేరాలి.

నేలకు మనవల్ల జరిగే కీడు కూడా ఉంది. 2022 మే నెలలో ఆ ద్వీపంలో ఒక టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణ జరుగుతుండగా నిప్పు అదుపు తప్పి కొండవాలు మీది పచ్చదనం కాలిపోయింది. ఆగస్టులో భారీ వాన కురిసింది. మట్టిని పట్టి ఉంచే వేళ్ళు లేకపోవడంతో బురద వరదగా దిగి వీధులను, ఇళ్ళను ముంచెత్తింది. చిత్రీకరణ కొన్నాళ్ళ పని. దాని ఫలితం అక్కడ స్థిరంగా ఉండేవారి గడపలోకి వచ్చింది. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న అన్నట్లుగా, ఊరు దాటిన తరువాత ఆ ఊరిని మరచిపోయే వీలు అతిథికి ఉంటుంది, ఊరివారికి ఉండదు.

అగ్నిపర్వతమంటే మనకు సంబంధంలేని విషయమని అనుకోనక్కరలేదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమి మీద పారిన లావా గట్టిపడి నల్లరాయి అయింది. ఆ రాయి అరిగి నల్లరేగడి అయింది. కామారెడ్డి జిల్లా పడమటి భాగాన జుక్కల్, మద్నూర్ వైపు కనిపించే నల్లనేల ఆ పురాతన అగ్ని మిగిల్చినదే. మన నేలలోని నిప్పు ఏనాడో చల్లారింది. నీటికున్న బలం మాత్రం తగ్గలేదు. 2025 ఆగస్టు చివరివారంలో ఈ జిల్లాలో కురిసిన అతివృష్టికి రోడ్లు తెగాయి, రైలుమార్గం కింది మట్టి కొట్టుకుపోయింది. పోచారం ఆనకట్ట మీదుగా వరద ఉరకలెత్తి దిగువ గ్రామాలను భయపెట్టింది. వందేళ్ళు దాటిన ఆ కట్టడం ఎట్లాగో నిలిచింది. ఇటువంటి వేళలలో అలుగు పొంగడం చూడాలని, ఫోటో తీసుకోవాలని ఉరకడం విహారం కాదు. స్ట్రాంబోలిలో గీచిన హద్దుకు, పోచారం కట్టమీద పోలీసులు కట్టిన తాడుకు అర్థమొక్కటే. తాడు దాటిన కుర్రవాడు నీటిపాలైతే అతని తల్లిదండ్రుల దుఃఖాన్ని ఏ ఫోటో తీర్చలేదు.

మూడవ ప్రశ్న మనుషులది. స్ట్రాంబోలిలో ఏడాది పొడుగునా ఉండేవారు కొన్ని వందలమంది మాత్రమే. ఇరుకైన సందులలో మన ఊళ్ళలో తిరిగే ఆటోల వంటి మూడుచక్రాల బండ్లు నడుస్తాయి. వేసవిలో వారి సంఖ్యకు ఎన్నో రెట్లు అతిథులు దిగుతారు. వారి రాకవల్ల అక్కడివారికి జీవనోపాధి దొరుకుతున్నదన్నది నిజమే. చెత్తను మళ్ళీ నౌకలోనే పంపవలసి రావడం, అద్దెలు పెరగడం కూడా నిజమే. గ్రీసు దేశంలోని సాంటోరిని కూడా అగ్నిపర్వత ద్వీపమే. 2025 ఫిబ్రవరిలో అక్కడ వరుస భూకంపాలు వచ్చినప్పుడు వేలాదిమంది ద్వీపం విడిచి వెళ్ళారు. యాత్రికునికి అది రద్దయిన ప్రయాణం; అక్కడివారికి మూతపడిన ఇల్లు, అంగడి.

ఈ విషయంలో మన జిల్లా యువకులకు ఒక ప్రత్యేకమైన జ్ఞానం ఉంది. ఇక్కడి పల్లెలలో విదేశం అనగానే విహారం గుర్తుకు రాదు. దుబాయి, సౌదీ, కువైట్ గుర్తుకు వస్తాయి. అన్నో, బాబాయో, మేనమామో గల్ఫ్‌లో పనిచేసి పంపిన పైసలతో చదువుకున్నవారు ఎందరో ఉన్నారు. హోటళ్ళలో పనిచేసి వచ్చినవారిని అడిగి చూడండి. అతిథి వదిలి వెళ్ళిన గదిని చూసి అతని సంస్కారాన్ని కొలవగలమని చెబుతారు. ఒకరి సెలవుదినం మరొకరి పనిదినమన్న సత్యాన్ని ఆ ఇళ్ళలో పుట్టినవారు మరవకూడదు. పనికోసం పరదేశం పోయేవాడు అక్కడి ఎండను, చట్టాన్ని, నాలుగు మాటల భాషను ముందుగానే అడిగి తెలుసుకుంటాడు. విహారానికి పోయేవాడు ఆపాటి శ్రద్ధ చూపకపోతే ఎట్లా?

ఇన్ని ఆలోచనలు పెట్టుకుంటే విహారంలో ఆనందమేముంటుందని కొందరు ప్రశ్నించవచ్చు. తెలుసుకొని చూసినవానికి ఆనందం తగ్గదు, పెరుగుతుంది. తెలియనివానికి తెల్లని ఇల్లు తెల్లని ఇల్లే; తెలిసినవానికి అది వానను దాచుకొనే పాత్ర. స్ట్రాంబోలి ఊరి సందులలో వీధిదీపాలు లేవు. తెలియనివాడు చీకటిని చూసి విసుక్కుంటాడు. తెలిసినవాడు ఒక టార్చిలైటు వెంట తీసుకుపోయి, దాన్ని ఆర్పి, తలెత్తి నక్షత్రాలను చూస్తాడు.

ఈ శ్రద్ధ మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. హైదరాబాదు నుండి నిర్మల మీదుగా నాగపూరుకు సాగిన ఆయన బాట ఈ ప్రాంతం గుండానే పోయింది. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో దేవాలయాల వర్ణన ఎంత ఉందో, మజిలీలలో బావులు, చెరువులు, అంగళ్ళు, బస చేయడానికి తగిన చోట్లు ఎట్లా ఉన్నాయన్న వివరం కూడా అంత ఉంది. తరువాత వచ్చే బాటసారికి ఉపయోగపడాలన్న తలంపుతో కంటికి కనిపించినదంతా రాసిపెట్టిన యాత్రికుడాయన.

ద్వీపాలకు పోయే స్తోమత మనకెక్కడిదన్న రెండవ ఆక్షేపణ కూడా ఉంది. అది న్యాయమైనదే. అందుకే ఈ అభ్యాసాన్ని ఇంటికి దగ్గరలోనే మొదలుపెట్టమని నా సూచన. కామారెడ్డిలో బస్సెక్కి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరి, అక్కడి నుండి మెదక్ దారిన పోతే పోచారం వస్తుంది. ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలమైన అడవి నేడు జింకలకు, నీలుగాయిలకు, కొంగలకు రక్షణ కలిగిన అభయారణ్యం. వలసపక్షులు వచ్చే చలికాలాన్ని ఎంచుకోండి. తాగే నీళ్ళు వెంట తీసుకుపోండి; తిన్న ఆకులు, సంచులు వెంట తెచ్చుకోండి. పొయ్యి రాజేయకండి. లోతెంతో తెలియని నీటిలో దిగకండి. ఆ నీటిమీద ఆధారపడిన రైతు ఎవరైనా కనిపిస్తే నిలబడి, ఈ ఏడు కాలువ ఎట్లా ఉందని అడగండి. ఇంటికి వచ్చిన తరువాత చూసినదాన్ని ఒక పుట రాయండి.

అట్లా ఒక రోజు గడపగలిగినవాడు రేపు ఏ సముద్రం దాటినా మంచి అతిథి అవుతాడు. అట్లా గడపలేనివాడు పోచారానికి పోయినా, స్ట్రాంబోలికి పోయినా ఒక్క ఫోటోతోనే తిరిగివస్తాడు. దూరపు కొండలు నునుపన్న సామెత కొండలను చూడవద్దని చెప్పదు. నునుపుగా కనిపించినదాని గరుకుదనాన్ని ముందే తెలుసుకొని, చెప్పులు వేసుకొని బయలుదేరమని చెబుతుంది.