ఎర్ర చుక్క కొనేముందు: ధర కన్నా ముందు కొలత

సినిమాల్లో ఈ దృశ్యం చాలామంది చూసే ఉంటారు. చీకట్లో విలన్ చొక్కా మీద ఓ ఎర్రటి చుక్క పాకుతూ వచ్చి సరిగ్గా గుండె దగ్గర ఆగుతుంది. అది లేజర్. తుపాకీ నుంచి బయల్దేరిన కాంతి లక్ష్యం మీద పడి అక్కడ మెరుస్తుంది. దుకాణాల్లో ‘రెడ్ డాట్ సైట్’ పేరుతో అమ్మే పరికరం అది కాదు. దీని చుక్క లక్ష్యం మీద పడదు. గురి చూసేవారి కంటికి మాత్రమే, అద్దంలో ప్రతిబింబంగా కనిపిస్తుంది.

ఈ తేడా తెలియకుండానే చాలామంది ఎయిర్ రైఫిల్‌కు రెడ్ డాట్ కొంటున్నారు. కొన్ని వేల రూపాయలకే దొరికే వాటి పెట్టెల మీద ‘పారలాక్స్ లేదు’, ‘50,000 గంటల బ్యాటరీ’, ‘వాటర్‌ప్రూఫ్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. చవక సరుకంతా నాసిరకమనీ, ఖరీదైనదంతా నికార్సైనదనీ తేల్చేయడం తేలిక. కానీ అసలు చిక్కు ధరలో లేదు. ఏ పరిస్థితుల్లో కొలిచారో చెప్పని అంకె కొలత కాదు, ప్రకటన. కొనేవారు ముందుగా పట్టించుకోవాల్సింది ఇదే.

టెలిస్కోప్ తయారీదారు ఆలోచన

ఈ పరికరం వెనక ఉన్న ఊహ 1900 నాటిది. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌కు చెందిన టెలిస్కోప్ తయారీదారు హోవర్డ్ గ్రబ్ ఆ ఏడాది దీనికి పేటెంట్ తీసుకున్నారు. తెలుగువారికి ఆ పేరుతో ఓ పాత బంధం ఉంది. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలలోని 15 అంగుళాల టెలిస్కోప్ గ్రబ్ కంపెనీ తయారు చేసిందే.

మామూలు రైఫిల్‌పై గురి చూడాలంటే వెనక ఉన్న గాడి, ముందు ఉన్న మొన, దూరాన ఉన్న లక్ష్యం మూడూ ఒకే గీత మీదకు రావాలి. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారికి ఒక దూరం మీదే స్పష్టంగా నిలవగలదు కాబట్టి మిగతా రెండూ మసకబారతాయి. చత్వారం వచ్చినవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

గ్రబ్ చూపిన దారి పదో తరగతి భౌతికశాస్త్రంలో ఉన్నదే. పుటాకార దర్పణం నాభి దగ్గర కాంతి బిందువును ఉంచితే, పరావర్తనం చెందిన కిరణాలు సమాంతరంగా బయటికి వస్తాయి. సమాంతర కిరణాలు కంటికి చేరితే ఆ బిందువు ఎక్కడో అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక కన్ను లక్ష్యం మీదే నిలిస్తే చాలు, చుక్క కూడా స్పష్టంగానే ఉంటుంది. దర్పణం స్థానంలో ఎరుపును మాత్రమే పరావర్తనం చేసి మిగతా కాంతిని దాటనిచ్చే పూత గల గాజు, కాంతి బిందువు స్థానంలో చిన్న ఎల్‌ఈడీ పెడితే అదే నేటి రెడ్ డాట్. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ 1975లో తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. యుద్ధ విమానంలో పైలట్ కళ్లెదుట అంకెలు తేలేలా చేసే హెడ్ అప్ డిస్‌ప్లేలోనూ పనిచేసేది ఇదే సూత్రం. తేజస్ కోసం అలాంటి డిస్‌ప్లేను చండీగఢ్‌లోని సీఎస్ఐఆర్-సీఎస్ఐఓ మన దేశంలోనే రూపొందించింది.

‘పారలాక్స్ లేదు’ అన్న మాట

తలను కొద్దిగా పక్కకు జరిపితే చుక్క లక్ష్యం మీద నుంచి జరగడమే పారలాక్స్, అంటే దృష్టిభేదం. అది బొత్తిగా లేని రెడ్ డాట్ ఉండదు. అమరిక నూటికి నూరుపాళ్లు కుదిరిన పరికరంలోనూ కన్ను మధ్య నుంచి ఎంత జరిగితే గురి గీత సమాంతరంగా అంతే జరుగుతుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న అద్దంలో కన్ను మధ్య నుంచి అంచుకు వెళ్తే తేడా 10 మిల్లీమీటర్లు. లక్ష్యం 10 మీటర్లలో ఉన్నా 100 మీటర్లలో ఉన్నా అంతే. పెద్ద అద్దం మేలని అనుకునేవారు గమనించాల్సిన విషయమిది. అద్దం పెద్దదైతే చుక్క త్వరగా దొరుకుతుంది, నిజమే. కన్ను దారి తప్పే చోటు కూడా అంతే పెరుగుతుంది.

చవక పరికరాల్లో దీనికి తోడు మరో దోషం కలుస్తుంది. ఎల్‌ఈడీ చూపుకు అడ్డురాకూడదు కాబట్టి దాన్ని ఓ పక్కన పెట్టి అద్దాన్ని వంచి అమరుస్తారు. సాదా గోళాకార అద్దంతో ఇలా చేస్తే అంచుల్లో కిరణాలు పూర్తి సమాంతరంగా రావు. మంచి కంపెనీలు రెండు గాజు పొరలను అతికించి ఈ దోషాన్ని తగ్గిస్తాయి. ఆ ఖర్చు మిగుల్చుకున్న చోట చుక్క కోణమే మారుతుంది, కోణంలో తప్పు దూరంతో పాటు పెరుగుతుంది. డిగ్రీలో 60వ వంతును ఒక మినిట్ అంటారు. అంచు దగ్గర చుక్క 5 మినిట్లు జరిగితే 10 మీటర్ల దగ్గర తేడా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు, 50 మీటర్ల దగ్గర ఏడు సెంటీమీటర్లకు పైనే.

దీన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, రైఫిల్ కూడా అక్కర్లేదు. పరికరాన్ని బల్ల మీద కదలకుండా బిగించి, పది మీటర్ల దూరంలో గోడ మీద గీసిన గుర్తుపై చుక్కను నిలపాలి. తర్వాత తలను నెమ్మదిగా నాలుగు వైపులా జరుపుతూ చుక్క గుర్తు నుంచి ఎంత జారుతోందో చూడాలి. అద్దంలో సగం వెడల్పుకు మించి జారితే అమరికలో తప్పుందని అర్థం. అదే సమయంలో అద్దంలోంచి తెల్ల గోడను చూస్తే పూత నాణ్యత కూడా తెలుస్తుంది. లేత నీలం ఛాయ సహజమే. దృశ్యమంతా ముదురు నీలంగా, చీకటిగా మారితే ఎరుపుతో పాటు అవసరమైన కాంతినీ ఆ పూత ఆపేస్తోందన్నమాట.

చుక్క పరిమాణం, చూసే కన్ను

చుక్కను 2, 3, 6 ‘ఎంఓఏ’ అంటూ అమ్ముతారు. ఇవి పైన చెప్పిన మినిట్లే. నిండు చందమామ వెడల్పు ఆకాశంలో సుమారు 30 మినిట్లు. అందులో పదో వంతు 3 ఎంఓఏ చుక్క. పది మీటర్ల దూరంలో అది దాదాపు 9 మిల్లీమీటర్ల వృత్తాన్ని కప్పేస్తుంది. డబ్బాలను పడగొట్టే సరదాకు ఇది చాలు. పోటీలకు చాలదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల బిందువు వ్యాసం అర మిల్లీమీటరే. అసలు ఐఎస్ఎస్ఎఫ్ నియమాలు ఆ పోటీలో ఇలాంటి పరికరాలను అనుమతించవు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది చిన్న రంధ్రంలోంచి చూసే మామూలు గురి సాధనంతోనే. పిల్లలను పోటీలకు పంపాలనుకునే తల్లిదండ్రులు రెడ్ డాట్ మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది.

చుక్క గుండ్రంగా కాకుండా కామాలా, నక్షత్రంలా కనిపిస్తే పరికరం చెడిపోయిందని వెనక్కి పంపేవారున్నారు. చాలాసార్లు లోపం కంటిలో ఉంటుంది. ఆస్టిగ్మాటిజం ఉన్న కంటికి ఏ కాంతి బిందువైనా చెదిరే కనిపిస్తుంది. సెల్‌ఫోన్ కెమెరాను అద్దం వెనక పెట్టి ఫొటో తీస్తే సంగతి తేలిపోతుంది. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే వెళ్లాల్సింది దుకాణానికి కాదు, కంటి డాక్టర్ దగ్గరికి.

బ్యాటరీ లెక్క, వాన లెక్క

సాధారణంగా వాడే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. దాన్ని 50,000తో భాగిస్తే వచ్చేది 4.4 మైక్రోఆంపియర్లు. అంత తక్కువ విద్యుత్తుతో వెలిగే చుక్క మసక వెలుతురులో కనిపించవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో కనిపించాలంటే కాంతి ఎన్నో రెట్లు పెరగాలి. ఎల్‌ఈడీ 2 మిల్లీఆంపియర్లు తీసుకుంటే అదే బ్యాటరీ 110 గంటలకు అయిపోతుంది. రెండు అంకెలూ నిజమే కావచ్చు. పెట్టె మీద ఒక్కటే అచ్చవుతుంది.

‘వాటర్‌ప్రూఫ్’ సంగతీ అంతే. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే దానికి అర్థముంది: ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా పాడుకాకూడదు. ఐపీఎక్స్4 అంటే నీటి చిందులను మాత్రమే తట్టుకుంటుంది. ఏ కోడూ లేని ‘వాటర్‌ప్రూఫ్’ ఉత్త మాట.

ఎయిర్ రైఫిల్ కుదుపు వేరు

మన దగ్గర చవకగా దొరికే ఎయిర్ రైఫిళ్లలో ఎక్కువ భాగం స్ప్రింగ్‌తో పనిచేసేవే. ‘పెద్ద తుపాకుల కుదుపునే తట్టుకుంటుంది, ఎయిర్‌గన్ ఎంత’ అని అమ్మకందారు అంటే నమ్మకూడదు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ బరువైన పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం రైఫిల్ వెనక్కి తన్నుతుంది. మరుక్షణం పిస్టన్ ముందు ఒత్తుకున్న గాలికి తగిలి ఆగుతుంది, రైఫిల్ ముందుకు ఎగురుతుంది. మామూలు తుపాకీ కుదుపు ముఖ్యంగా వెనక్కే కాబట్టి చాలా పరికరాలను దానికి తగ్గట్టే కడతారు. ఈ రెండు వైపుల కుదుపుకు అద్దం కదలవచ్చు, ఎల్‌ఈడీ వదులు కావచ్చు. అందుకే ‘స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు తగినది’ అన్న హామీ రాతపూర్వకంగా అడగాలి. పట్టా కొలత కూడా సరిచూడాలి. ఎయిర్ రైఫిళ్లపై సాధారణంగా 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, రెడ్ డాట్‌లు ఎక్కువగా అంతకన్నా వెడల్పైన పట్టాలకు బిగించేలా వస్తాయి.

ఇవన్నీ చూసుకునే బదులు పేరున్న ఖరీదైన పరికరమే కొనవచ్చు కదా అనే వాదనలో కొంత నిజముంది. ఏళ్ల తరబడి మన్నిక ఎంతన్నది ఇంట్లో బల్ల మీద తేలదు. అక్కడ పేరుకూ వారంటీకీ విలువ ఉంటుంది. కానీ సెలవు రోజున పది, పదిహేను మీటర్ల దూరంలో డబ్బాలను కొట్టేవారికి సైనిక అవసరాలకు చేసిన పరికరం ధర పెట్టాల్సిన పని లేదు. పై పరీక్షల్లో నిలిచి, వాపసు హామీతో వచ్చే చవక పరికరం వారికి సరిపోతుంది.

అయితే పరీక్షించే భారమంతా కొనేవారిదే కాకూడదు. ఎంత దూరంలో పారలాక్స్ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ వెలుగు మెట్టులో బ్యాటరీ ఎన్ని గంటలు, ఏ ఐపీ కోడ్, ఏ రకం కుదుపుకు పరీక్షించారు అన్న నాలుగు సంగతులు పెట్టె మీద అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. యుద్ధ విమానానికి హెడ్ అప్ డిస్‌ప్లే తయారు చేసుకున్న దేశంలో కొనుగోలుదారు ఆ మాత్రం అడగడం అత్యాశ కాదు. అడిగేవారు పెరిగితే ఆ నాలుగు అంకెలూ పెట్టె మీదికి వస్తాయి. అంతవరకూ గోడ మీద గీసిన గుర్తే కొనేవారికి నమ్మకమైన సాక్షి.